లచ్చవ్వ జీపు బేరం

మా అక్క లచ్చవ్వకు యాభై నాలుగేళ్లు. పత్తి ఏరే ఆడవాళ్ల గుంపుకు మేస్త్రి. పొద్దు పొడవకముందే లేచి ఇరవై రెండు మందిని ఇళ్ల నుంచి పోగుచేయాలి. ఏ రైతు చేనులో పత్తి పగిలితే అక్కడికి తీసుకుపోవాలి. సాయంత్రం ఎవరి మూట ఎంత తూగిందో చూసి ఎవరి కూలి వాళ్లకు ఇప్పించాలి. ఇదంతా చేస్తూ వాళ్లతో సమానంగా తానూ ఏరుతుంది. మేస్త్రి అంటే గట్టు మీద కూర్చుని పెత్తనం చేసే మనిషి అనుకునేవాళ్లు ఒకసారి ఆమె వేళ్లు చూడాలి. ఎండిన పత్తికాయల అంచులు గీరుకుని గీరుకుని, గోళ్ల చుట్టూ చర్మం ఇరవై ఏళ్లుగా మానలేదు.

నేను ఆమె తమ్ముణ్ణి. ఇచ్చోడ నుంచి తొమ్మిది కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. ఊళ్లో చిన్న పోస్టాఫీసు నడుపుతాను. ఇంగ్లీషు ముక్క చదవడం వచ్చిన పాపానికి ఎవరింటికి ఏ కాగితం వచ్చినా అది నా మెడకే చుట్టుకుంటుంది. అక్క జీపు బేరం కూడా అట్లాగే చుట్టుకుంది.

మా ఊరి నుంచి చేలలోకి పోవాలంటే రెండు ఒర్రెలు దాటాలి. వానాకాలం పోయినా వాటిలో నీళ్లు పారుతూనే ఉంటాయి. అవి దాటితే అంతా నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే ఆటోలు అక్కడే దిగబడతాయి. జీపు ఒక్కటే పోతుంది. ఊళ్లో ఉన్న జీపు కూడా ఒక్కటే, అది రాములుది. అతను మనిషికి ఇంత అని కిరాయి తీసుకుంటాడు కనుక ఎంతమంది ఎక్కితే అంత సంతోషం. లోపల పన్నెండు మంది పట్టే చోట పద్దెనిమిది మందిని కుక్కుతాడు. మిగిలినవాళ్లు వెనక ఇనుప మెట్టు మీద నిలబడి కడ్డీ పట్టుకుని వేలాడుతూ పోతారు.

నాలుగేళ్ల కింద, రెండో ఒర్రె ఒడ్డు ఎక్కేటప్పుడు జీపు ఒక్క కుదుపు కుదిపింది. మెట్టు మీద నిలబడ్డ కనకవ్వ చేయి జారి పడిపోయింది. బండి వెనక్కి దొర్లి ఆమె మీదికి వచ్చింది. ఇచ్చోడ ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు. రాములు నెల రోజులు బండి బయటికి తీయలేదు. తర్వాత తీశాడు. పత్తి ఎవరి కోసమూ ఆగదు కదా, అందరూ మళ్లీ అదే మెట్టు ఎక్కారు.

అప్పటి నుంచి మా అక్కకు రాములుతో రోజూ తగాదే. జీపు కదిలే ముందు ఎదురుగా నిలబడుతుంది. ''వెనుకోళ్లను దించుతవా, నా మీదికెంచి పోతవా?'' అంటుంది. ''రెండు ట్రిప్పులు కొట్టుమంటె డీజిలు నీ అయ్య పోస్తడా?'' అని అతను. చివరికి ఇద్దరో ముగ్గురో దిగుతారు. దిగినవాళ్లు నాలుగు కిలోమీటర్లు నడిచి, ఆలస్యంగా చేను చేరి, రెండు కిలోలు తక్కువ ఏరి, మా అక్కను తిట్టుకుంటారు. ఆమెకు ఎవరి దగ్గరా మంచి పేరు లేదు. నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా ఆ తగాదా మానలేదు.

అక్టోబరు చివర్లో ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన అయిపోయి బయట చెప్పులు తొడుక్కుంటుంటే నా పక్కకు వచ్చింది.

''తమ్మీ, నాతోని ఆదిలాబాద్ రావాలె. జీపు కొంటున్న.''

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ''నీకు సైకిలు నడుపుడే రాదు, జీపు ఏం చేస్తవక్కా?'' అన్నాను.

''జేమ్స్ నడుపుతడు. పన్నెండు మందిని ఒకపారి, పది మందిని ఒకపారి తోలుకపోత. ఎవ్వరు ఎనుక నిలవడొద్దు. ఆ రాములుగానితోని నాకు శాతనైతలేదు, అలిసిపోయిన.''

జేమ్స్ మా వాడకట్టు మనిషే. కువైట్‌లో ఆరేళ్లు బండి నడిపి వచ్చి, ఇక్కడ ఏ పనీ కుదరక తిరుగుతున్నాడు. ముగ్గురం బస్సెక్కాం. బస్సులో పెన్ను తీసి టికెట్టు వెనక లెక్క వేసి చూపించాను. ఇరవై రెండు మందిని ఒక్కసారి తోలితే బండి తన ఖర్చు తాను తెచ్చుకుంటుంది. రెండు ట్రిప్పులైతే ఆమె మేస్త్రి పైసలు కూడా డీజిల్లోకే పోతాయి. ''పోతే పోనియ్యి,'' అని కిటికీ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. లెక్క చెప్పినవాడిదే తప్పన్నట్టు ఉంది ఆ మూసుకోవడం.

ఓంప్రకాశ్ దుకాణం జిన్నింగు మిల్లుల వైపు ఉంది. పాత బండ్లు కొని అమ్ముతాడు. పెద్ద వయసు ఆడవాళ్లను మరాఠీలో చిన్నమ్మ అన్నట్టు మావ్షీ అని పిలుస్తాడు. అతను చూపించిన జీపుకు పద్దెనిమిదేళ్లు. కరీంనగర్ దగ్గర ఒక గ్రానైటు క్వారీలో పనిచేసిందట. సీటు ఎత్తితే కింద ఇంకా రాతి పొడి ఉంది. నాలుగు చక్రాలూ లాగే రకం. గేరు కర్ర పక్కన ఇంకో చిన్న కర్ర ఉంటుంది, అది వేస్తే బురదలో నుంచైనా బయటికి వస్తుంది. ముందు రెండు టైర్లు అరిగిపోయాయి. డ్రైవరు వైపు తలుపు తాడుతో కట్టి ఉంది. కాగితాలు నేను చూశాను. పదిహేనేళ్లు దాటాక మళ్లీ చేయించిన రిజిస్ట్రేషన్ ఉంది. ఫిట్‌నెస్ ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది.

''లక్షా తొంభై, మావ్షీ. గీ ధరల గిసొంటి బండి దొరకదు.''

''నా తాన లక్షా అరవై ఉన్నయి,'' అంది అక్క. బేరం ఆడటం ఆమెకు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసి ఊరుకుంటుంది.

ఓంప్రకాశ్ చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి, ''ఇరవై వేలు నా తాన పెట్టుండ్రి. రెండు రోజులు మీ ఒర్రెలల్ల నడిపి చూడుండ్రి. నచ్చితే ధర సంగతి మాట్లాడుకుందాం, నచ్చకుంటే మీ పైసలు మీకిస్త,'' అన్నాడు. జేమ్స్ జీపును ఊరికి తోలుకొచ్చాడు. దారి పొడుగునా అది గర్రుమంటూనే ఉంది. నా నడుము విరిగినంత పని అయింది. అక్క మాత్రం వెనక సీట్లో ఒక్కతే కూర్చుని రెండు చేతులతో ఆ సీటును నిమురుతూ వచ్చింది. భర్త పోయిన ఈ పదేళ్లలో ఆమె ముఖం అంత తేటగా ఉండటం నేను చూడలేదు.

మర్నాడు పొద్దున బండిని చేను దాకా నడిపి చూడాలి. పోస్టాఫీసు తెరవడానికి ఇంకా టైముంది కనుక నేనూ పోయాను. ముందు సీట్లో జేమ్స్ పక్కన కూర్చున్నాను. ఆడవాళ్లంతా టిఫిను గిన్నెలతో వచ్చి జీపు చుట్టూ మూగారు. అక్క పన్నెండు మందిని పేర్లు పిలిచి ఎక్కించింది. మిగిలిన పది మందికి, ''గంటల బండి మళ్ల వస్తది, ఈడ్నే ఉండుండ్రి,'' అని చెప్పింది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. ఆ రోజు ఏరాల్సిన చేను రాజయ్యది, ఫోను అతనే చేశాడు. నాకు వినబడేంత గట్టిగా అరుస్తున్నాడు. ఉత్తరం దిక్కు మబ్బు పట్టింది, పగిలిన పత్తంతా చెట్ల మీదే ఉంది, తడిస్తే నల్లబడి ఎవడూ కొనడు, ఎనిమిది లోపల అందరూ చేనులో ఉండాలి. లేకుంటే పక్క ఊరి గుంపును పిలుచుకుంటా అన్నాడు.

అక్క ఫోను చీర కొంగులో కట్టుకుంది. మబ్బు వైపు చూసింది. కింద నిలబడ్డ పది మంది వైపు చూసింది.

''ఎక్కుండ్రి,'' అంది. ''గీ ఒక్కరోజే. జర సర్దుకోండ్రి.''

వాళ్లు ఎక్కారు. అలవాటైన పనే కదా, ఎవరి కాళ్లు ఎవరి ఒడిలో పెట్టాలో వాళ్లకు తెలుసు. అయినా ముగ్గురికి చోటు చాలలేదు. ఆ ముగ్గురూ వెనక మెట్టు మీద నిలబడ్డారు. చివరన నిలబడ్డ పిల్ల అలేఖ్య, కనకవ్వ కూతురు. డిగ్రీ మధ్యలో ఆపి ఈ ఏడే పత్తికి వస్తోంది. ఆ పిల్ల కడ్డీ పట్టుకుని మా అక్క వైపు చూసింది. దిగమంటుందని ఎదురుచూసినట్టే ఉంది. అక్క కూడా ఆ పిల్లనే చూసింది.

''గట్టిగ పట్టుకో బిడ్డా,'' అంది.

జీపు కదిలింది. మొదటి ఒర్రె హాయిగా దాటింది. రెండో ఒర్రె దగ్గర జేమ్స్ ఆ చిన్న కర్ర వేశాడు. బండి ఒక్కసారి మూలిగి, ఒడ్డు ఎక్కి, అవతలి బురదలో నుంచి తిన్నగా బయటికి వచ్చింది. ఎక్కడా జారలేదు. ఆడవాళ్లు కేకలు వేశారు. ''మస్తుంది బండి, తీసుకో లచ్చక్కా!'' అన్నారు. ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుండగానే చేను చేరాం. జేమ్స్ నన్ను పోస్టాఫీసు దగ్గర దింపాడు. మధ్యాహ్నానికి మబ్బు విడిచిపోయింది. చినుకు కూడా పడలేదు.

బేరం కుదిరినట్టేనని నేను అనుకున్నాను. సాయంత్రం ఓంప్రకాశ్ ఫోను చేస్తే, ''బండి బాగనే ఉన్నది, ధర జర దిగు,'' అన్నాను. వాడు గొణిగి, సణిగి, లక్షా అరవై ఐదుకు దిగాడు. ఆ ఐదు వేలు నేనే ఇద్దామని మనసులో అనుకుని, నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

దీపాలు పెట్టే వేళకు అక్క మా ఇంటి ముందుకు వచ్చింది. మోకాళ్ల దాకా బురద ఉంది. అరుగు మీద కూలబడి మంచినీళ్లు అడిగింది.

''జీపు రాలేదా? నడిచొచ్చినవా?'' అన్నాను.

''జీపు వచ్చింది. వాపసొచ్చేటప్పుడు రెండు ట్రిప్పులు పోదామన్న. 'పొద్దుగాల పట్టినోళ్లం ఇప్పుడెందుకు పట్టం' అన్నరు. అందరెక్కిన్రు. ఏమనాలె? నాకు నోరు రాలే. నేను ఎక్కలే, నడుసుకుంట వచ్చిన.'' నీళ్లు తాగి చెంబు కింద పెట్టింది. ''రేపు జేమ్స్‌కు చెప్పి జీపు వాపసు పంపు తమ్మీ.''

నేను ఒంటికాలి మీద లేచాను. ఆదివారం పాడుచేసుకుని, నడుము విరగ్గొట్టుకుని, ఫోనులో వాణ్ణి బతిమాలి ధర దింపిస్తే ఇదా మాట అన్నాను. ''లక్షా అరవై ఐదుకు వచ్చిండు. ఇంకేం గావాలె నీకు? బండిల ఏం తప్పు దొరికింది?''

''బండిల తప్పేం లేదు. మంచి బండి.''

''మరి?''

అక్క కొంగుతో కాలి బురద తుడుచుకోబోయి, ఎండిపోయి రాకపోతే వదిలేసింది. చూస్తుంటే నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆమె అంత అలసిపోయి ఉండటం చూసి నాకు భయమేసింది.

''రాములు బండైతే నేను కొట్లాడుత,'' అంది. ''ఇద్దర్నన్న ముగ్గుర్నన్న దించుత. వాళ్లు నన్ను తిట్టుకుంటరు, తిట్టుకోనీ. నా బండైతే నాతోని ఎవరు కొట్లాడుతరు? పైసలకు ఎల్లకుంటె, రైతు ఫోన్ల ఒర్రితె, మబ్బు వడితె, నేనే ఎక్కుమంట. ఇయ్యాల మొదటిరోజు. మొదటిరోజే అన్న. కనకవ్వ బిడ్డను గట్టిగ పట్టుకొమ్మన్న.''

''ఏం కాలేదు గదా అక్కా,'' అన్నాను.

''నువ్వు ముందట్నే కూసున్నవు గద. అంత సూసినవు. నువ్వన్న దిగుమన్నవా?''

అనలేదు. ఆ పొద్దున నేను చూసుకున్నదల్లా నా మోకాళ్లకు చోటు సరిపోయిందా లేదా అని.