శాతాలు మారినా మారని చుట్టం

వీధిలో అందరూ ఆమెను అద్దాలావిడ అంటారు. గాజు కోసి, ఫ్రేములు బిగించే కొట్టు ఆమెది. పసిగుడ్డుగా తెచ్చుకుని పెంచిన అమ్మ పోయాక, కన్నవాళ్లెవరో తెలుసుకోవాలనిపించి, ఇంట్లోనే ఉమ్మి తీసి పంపే డీఎన్ఏ పరీక్ష చేయించుకుంది. పూర్వీకుల్లో సగంమంది సముద్రతీరం వాళ్లని రిపోర్టు వచ్చింది. నమ్మకం కుదరక మరో కంపెనీకి పంపితే, వాళ్లు ఆ సగాన్ని కొండల్లోకి ఎక్కించారు.

"మూడో కంపెనీ ఎడారి అంటుంది. ఇక వదిలెయ్యవే," అని నవ్వాడు భర్త.

ఆమె వదల్లేదు. శాతాలు వట్టి అంచనాలేనని, ఒక్కో కంపెనీ తన దగ్గరున్న నమూనాలతో పోల్చి వేస్తుందని తెలుసుకుంది. కానీ దగ్గరి చుట్టమంటూ రెండు కంపెనీలూ ఒకే మనిషిని చూపించాయి. ఆవిడ పక్క ఊళ్లో నర్సు; ఆవిడా రెండు చోట్లా పరీక్ష చేయించుకుంది. అద్దాలావిడ ఫోన్ చేసింది.

"మీరు నాకు అక్క కావచ్చండి. ఇద్దరం ల్యాబుకెళ్లి గట్టిగా తేల్చుకుందామా?"

"వస్తాను. మా అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పను," అంది నర్సు.

ఇద్దరిదీ ఒకే తల్లి అని ల్యాబు దాదాపు ఖాయం చేసింది.

"ముందు నేను వెళ్లి అమ్మతో మాట్లాడతాను. నువ్వు బయటే ఉండు," అంది నర్సు, తల్లి ఉంటున్న ఇంటి ముందు ఆగి.

"ఇంతదాకా వచ్చి బయట నిలబడను. కలిసే వెళ్దాం, అక్కా," అంటూ అద్దాలావిడే తలుపు తట్టింది.