మా అత్తయ్య ఎర్ర చుక్క

మా అత్తయ్యది ఆరుద్ర నక్షత్రం. ఆ చుక్క ఎర్రగా ఉంటుందని, ఇంట్లోనే కూర్చోబెట్టి నాకు చదువు చెప్పిన మా నాన్నగారు చిన్నప్పుడే చూపించారు. ఆ పుణ్యమే పెద్దయ్యాక నా చేతికి కెమెరా ఇచ్చింది. అత్తయ్య మాత్రం నమ్మేవారు కాదు.

"చుక్కలకు రంగులేంటమ్మాయ్? అన్నీ బియ్యపు గింజలేగా!"

ఆవిడ డెబ్బయ్యో పుట్టినరోజుకు ఆ చుక్కని ఫొటో తీసి, పూజగదిలో పెట్టి, ఔననిపించాలని నా పంతం.

పామర్రులో మా డాబా మీద, సాయంత్రం దీపం పెట్టి వచ్చాక, మొదటి ఫొటో తీశాను. షట్టర్ మరీ ఎక్కువసేపు తెరిచి ఉంచానేమో, చుక్కలన్నీ పొంగిన పాలలా తెల్లబడ్డాయి.

"చెప్పానా!" అన్నారు అత్తయ్య.

మర్నాడు ఆ సమయం తగ్గించాను. కెమెరా సొంత తెలివితో రంగులు దిద్దకుండా ఎండలో వాడే సెట్టింగు పెట్టాను. పొట్టి పొట్టి ఫొటోలు చాలా తీసి కంప్యూటర్లో ఒకటిగా కలిపాను. దేవుడి దయ, ఆరుద్ర పసుపు కలిసిన కుంకుమలా మెరిసింది!

"ఆ తెర మీద నాకేం కనపడదు, కాగితం మీద చూపించు," అన్నారావిడ.

విజయవాడ వన్ టౌన్‌లో, పెళ్ళి ఫొటోలు వేసే స్టూడియోలో ప్రింటుకిచ్చాను. తెచ్చుకోడానికి ఇద్దరం వెళ్ళాం. చూద్దును కదా, ఆకాశం నున్నగా ఉంది. పెద్ద చుక్కలు ఏడే మిగిలాయి. ఏడూ తెల్లగా.

"పెళ్ళికూతురి ఫొటోలాగే చేశానండీ," అన్నాడు స్టూడియో ఆయన మురిసిపోతూ. "కందినట్టున్న దాన్ని తెల్లగా మార్చేశా. చిన్న చిన్న మచ్చలన్నీ తీసేశా. ఫ్రీయేనండీ!"

మిగతా నక్షత్రాలన్నిటినీ మొటిమల్లా గిల్లేశాడు మహానుభావుడు.  నాకంటే ముందు అత్తయ్యే అందుకున్నారు.

"ఏవయ్యా, నా పెళ్ళి ఫొటోలోనూ ఇలాగే నా మొహానికి సున్నం కొట్టారు. పక్కనున్నది ఎవరని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటారు. నా చుక్కనైనా దాని రంగులో ఉండనివ్వు!"

స్టూడియో ఆయన గతుక్కుమని, ఏమీ ముట్టుకోకుండా మళ్ళీ వేసిచ్చాడు. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఎర్రదేనే!"

ఆ ఒక్క మాటకి దేవుడికి ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో.

పుట్టినరోజు పొద్దున్నే పటం పూజగదిలో పెట్టాం. పటమన్నాక బొట్టు పెట్టాలిగా. అత్తయ్య కుంకుమ తీసి, వెతికి మరీ, సరిగ్గా ఆరుద్ర మీదే అద్దారు. నా కష్టమంతా దాని కిందకి పోయింది.

"ఇప్పుడింకా బాగుంది కదూ?"

"అసలు రంగు రావాలంటే కాస్త పసుపు కలపాలత్తయ్యా," అన్నాను.

కలిపారు.