సునీత చూపించిన గంట గోపురం

నిన్న జెర్సీ సిటీలో స్టేషన్‌కి నడుస్తుంటే ఒక పాత చర్చి కనిపించింది. ఎర్ర ఇటుక గోడలు, మొనదేలిన పొడుగు కిటికీలు, ఒక మూల గంట గోపురం. వానకు తడిసిన ఆ ఇటుక వాసనకి అక్కడే ఆగిపోయాను. మన రైల్వే కాలనీ గ్రూపు వాళ్లకి వేరే చెప్పాలా? విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లీషువాళ్లు కట్టిన మన చర్చి అచ్చం ఇలాగే ఉండేది కదా!

అక్కడ గంట కొట్టేది సునీత వాళ్ల నాన్న. అందుకని మన నాలుగో తరగతిలో గోపురం ఎక్కే భాగ్యం దానికొక్కదానికే ఉండేది. ఆదివారం రంగు అద్దాల్లోంచి ఎండ పడి దాని తెల్లగౌను ఎర్రగా, నీలంగా మారుతుంటే నాకు కడుపు రగిలిపోయేది.

ఒకరోజు అది నన్ను రహస్యంగా పైకి తీసుకెళ్లింది. మెలికలు తిరిగిన ఇరుకు రాతిమెట్లు, పైన పావురాల రెట్టల కంపు. కిటికీలోంచి చూస్తే వర్క్‌షాపు పొగగొట్టాలు, పట్టాలు, మన క్వార్టర్లు అన్నీ బొమ్మల్లా ఉన్నాయి. ఇదంతా అది రోజూ చూస్తుందా అనుకునేసరికి అసూయ ఇంకా పెరిగింది. దిగగానే తిన్నగా పాస్టరు గారి దగ్గరికెళ్లి, "సునీత పిల్లల్ని గోపురం ఎక్కిస్తోందండీ" అని చెప్పేశాను.

ఆయన వాళ్ల నాన్నకి చీవాట్లు పెట్టి, మెట్ల తలుపుకి తాళం వేయించారు. మర్నాడు బడిలో సునీత నా పక్కన కూర్చుని, "పాపం, నువ్వు ఒక్కసారే చూశావు కదే" అంది.

సునీతా, ఈ గ్రూపులో నువ్వూ ఉన్నావు. ఆ రోజు చెప్పింది నేనే. అయినా నన్ను చూసి 'పాపం' అనగలిగినందుకు నీ మీద నాకు ఇప్పటికీ కుళ్లుగానే ఉంది.