యాభై మీటర్ల దూరం

చోంగ్‌చింగ్ రేవులో ముప్పై ఏళ్లుగా కావడి మోస్తున్న ముసలి తాన్ బేరం కోసం ఎవరినీ పిలవడు. కొత్తగా దిగినవాళ్ల వెనకాలే పదడుగుల దూరంలో నడుస్తాడంతే. చేతికి ఫోన్లొచ్చాక జనం మనుషుల్ని దారి అడగడం మానేశారు. ఆయన కడుపు నింపుతున్నది అదే.

ఆ ఉదయం బీజింగ్ పెద్దమనిషి ఒకాయన రెండు బరువైన పెట్టెలతో పడవ దిగి, ఫోన్ చూసుకున్నాడు.

"హోటల్ యాభై మీటర్లే! నీతో పనిలేదు, వెళ్లవయ్యా."

"అలాగే బాబూ," అంటూ తాన్ వెనకే నడిచాడు.

యాభై మీటర్లన్నది నిజమే. కాకపోతే పక్కకి కాదు, కొండ మెట్ల మీదుగా పైకి. తొంభయ్యో మెట్టు మీద ఆయనగారు చెమటతో తడిసి ముద్దయి కూలబడ్డాడు.

"పెద్దాయనా, కాస్త సాయం పట్టవూ?"

తాన్ పెట్టెలు కావడికి తగిలించుకుని చకచకా ఎక్కేశాడు. హోటల్ గుమ్మంలో పెద్దమనిషి రొప్పుతూ ఇంటికి ఫోన్ చేశాడు.

"మనుషులు బంగారమే! ఇంత ఊళ్లో ఒక్క లిఫ్టు లేదు, అదొక్కటే లోటు."

తాన్ కావడి భుజాన వేసుకుని, పక్క సందులోని లిఫ్టెక్కి కిందికి బయల్దేరాడు.

"లిఫ్టుందని చెప్పొచ్చుగా తాతా?" అంది, ఆ ఫోన్ మాటలు చెవినపడ్డ మీట నొక్కే అమ్మాయి.

"నన్నడిగితేగా! ఆయన అడిగింది ఫోన్ని."