భారతి ఊపిరిలో తేలినది

బెంగళూరు విమానాశ్రయంలో విమానాలు బాగుచేసే షెడ్డు పక్కన ఒక చిన్న గది ఉంది. పొద్దుటి షిఫ్టు మొదలయ్యే ముందు భారతి ఆ గదిలో కూర్చుని, డాక్టరమ్మ ఇచ్చిన ప్లాస్టిక్ గొట్టంలోకి ఊదింది. టెక్నీషియన్లలో ఎవరు ఊదాలో రోజూ కంప్యూటరే ఎంచుతుంది. ఇంతకు ముందు కూడా ఆమె పేరు వచ్చింది, ఊదింది, లేచి పనికి పోయింది. తాగినవాళ్ల చేయి విమానం మీద పడకూడదన్నది ఆ నియమం. అది మంచి నియమమని ఆమె మొదటినుంచీ అనుకునేది.

ఈసారి మిషను కీచుమంది.

డాక్టరమ్మ మిషను వైపు చూసి, భారతి వైపు చూసి, మళ్లీ మిషను వైపు చూసింది. నోరు పుక్కిలించుకుని రమ్మంది. మౌత్‌వాష్ వాడావా, దగ్గుమందు తాగావా, ఇంకేమైనా మందులు వేసుకున్నావా అని అడిగింది. లేదు, లేదు, లేదు అంది భారతి. కాసేపు ఆగి, పక్కన ఒక సాక్షిని నిలబెట్టి, కెమెరా ముందు రెండోసారి ఊదించారు. అంకె తగ్గింది గానీ సున్నా కాలేదు. సున్నా కానిది ఎంతైనా లెక్క ఒకటే.

"మిషను చెడిపోయింది మేడమ్," అంది భారతి.

డాక్టరమ్మ గొట్టం మార్చి తాను ఊది చూపించింది. సున్నా వచ్చింది.

షిఫ్టు ఇన్‌చార్జి హరికృష్ణది భారతి ఊరి వైపున్న మార్కాపురం. మన వైపు పిల్ల అని ఆమెను చెల్లెలిలా చూసేవాడు. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏందమ్మా ఇది? నువ్వా?" అన్నాడు. ఆ తరవాత గుర్తింపు కార్డు తీసుకున్నాడు. మూడు నెలలు విమానాన్ని తాకడానికి వీల్లేదు. గేటు దాకా తోడు వచ్చాడు.

భారతిది గిద్దలూరు అవతల కొమరోలు దగ్గర పల్లె. తండ్రి ఏబేలు, తల్లి మార్తమ్మ కూలి పనులు చేసుకుని బతికేవాళ్లు. ఏబేలు ఒకప్పుడు విపరీతంగా తాగేవాడు. తాగి వచ్చిన రోజు తల్లీకూతుళ్లు చర్చి వరండాలో పడుకునేవాళ్లు. భారతి బడిలో చదివే రోజుల్లో ఒకసారి అతను తాగి ట్రాక్టరు తోలుతూ వాగు గట్టు మీద తిరగబడేశాడు. పక్కన కూర్చున్న సొంత తమ్ముడు పేతురు కాలు నలిగిపోయింది. కర్నూలు ఆసుపత్రిలో ఆ కాలు తీసేశారు. ఆ తరవాత ఏబేలు మళ్లీ సారా ముట్టలేదు. అట్లాంటి ఇంట్లో పుట్టిన పిల్ల భారతి. క్లాసుమేట్ల పెళ్లిళ్లలో సైతం గ్లాసులు కనబడితే లేచి వచ్చేసేది.

రైలు దిగి, గిద్దలూరులో బస్సెక్కి ఇంటికి చేరేసరికి మార్తమ్మ కందులు చెరుగుతోంది. బిడ్డ ముఖం చూసి చాట పక్కన పెట్టింది. భారతి జరిగింది జరిగినట్లు చెప్పింది.

మార్తమ్మ ఒళ్లోని కంది గింజలు దులుపుకుంది. "తాగినావా పాపా?" అని అడిగింది.

"నువ్వు కూడా అట్లనే అడుగుతావా అమ్మా?"

"మిషను చెడిపోలేదంటివే. మరి ఏమనుకోమంటావు?"

మంచం మీద కూర్చున్న ఏబేలు తల ఎత్తలేదు. "నా రక్తమే," అన్నాడు గొణిగినట్లు. లేచి బయటికి వెళ్లిపోయాడు. తల్లి అనుమానం కంటే తండ్రి నమ్మడమే భారతిని ఎక్కువగా కొట్టింది. అతను బిడ్డ తాగిందని ఒప్పేసుకుని, ఆ పాపాన్ని తన మీద వేసుకుని పోయాడు.

మరునాటికి ఆ మాట ఊరంతా పాకింది. విమానం ఉద్యోగంలో తాగి దొరికిందట అన్నారు. బోరు దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు ఆమెను చూసి మాట మార్చారు.

ఆ సాయంత్రం భారతికి కడుపులో నొప్పి మళ్లీ పట్టుకుంది. నెలనెలా వచ్చేదే. మార్తమ్మ అలవాటుగా అలమరలోంచి సీసా తీసి మూతలోకి వంచింది. గిద్దలూరులో ఆయుర్వేదం దుకాణంలో కొన్న అరిష్టం అది. పోయినసారి భారతి ఇంటికొచ్చినప్పుడు రెండు సీసాలు తెచ్చి, బిడ్డకొకటి ఇచ్చి, నడుంనొప్పికని తనకొకటి ఉంచుకుంది. రోజూ మొగుడు కూలికి పోయాక ఒక మూత తాగేది.

అప్పుడే లోపలికి వస్తున్న ఏబేలు గడపలో ఆగాడు. ముక్కుపుటాలు అదిరాయి.

"ఏంది అది?"

"అరిష్టంలే. ఆకులూ వేర్లూ వేసి చేస్తారంట. నొప్పికి మంచిది."

"దూరం పెట్టు దాన్ని." అతని గొంతు మారిపోయింది. వెనక్కి ఒక అడుగు వేశాడు. "దాంట్లో సారా వాసన వస్తా ఉంది మార్తా. నాకు తెలీదా ఆ వాసన?"

భారతి సీసా లాక్కుని వెలుతురుకు పట్టి చూసింది. సీసాకు అంటించిన చీటీ మీద అన్నిటికంటే అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. పులిసేటప్పుడు దానంతటదే పుట్టిన ఆల్కహాలు ఇంత శాతం. ఊదిన రోజు పొద్దున స్టాఫ్ బస్సులో నొప్పి ఓర్చుకోలేక, రెండు మూతలు తాగేచోట నాలుగు తాగింది. డాక్టరమ్మ అడిగినప్పుడు అది నోటికే రాలేదు. అమ్మ ఇచ్చింది మందు ఎట్లవుతుంది?

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. శిక్షణ క్లాసులో ఇదంతా చెప్పారు. దగ్గుమందులు, టానిక్కులు, నాటుమందులు, ఏది తాగినా ముందు కంపెనీ డాక్టరుకు చెప్పాలని. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. భారతి సరైన జవాబే రాసింది. జవాబు రాసిన చేత్తోనే మూత తిప్పింది.

మార్తమ్మ కింద కూలబడింది. "అంటే, రోజూ నేను తాగింది సారానా? నా చేత్తోనే దాన్ని ఇంట్లోకి తెచ్చి పెట్టుకున్నానా?" ఆ ప్రశ్న మొదట బిడ్డను, తరవాత మొగుణ్ణి, చివరికి ఎవరినీ కాకుండా అడిగింది. తాగుడు మీద ఏళ్ల తరబడి పోట్లాడిన మనిషి ఆమె. సీసాను పెరట్లో వంచేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, మళ్లీ కడుక్కుంది.

భారతి హరికృష్ణకు ఫోను చేసింది. అతను విని ఊపిరి వదిలాడు. "నేను నమ్ముతానమ్మా. కానీ శిక్ష తగ్గదు. కారణం ఏదైనా అంకె అంకే."

ఫోను పెట్టేసి ఆమె మండిపడింది. "తాగుబోతుకూ నాకూ ఒకటే శిక్షా? ఇదేం న్యాయం నాయనా?"

"నేను ఎందుకు తాగినానో ట్రాక్టరు అడిగిందా?" అన్నాడు ఏబేలు. "మీ చిన్నాయన కాలు అడిగిందా?"



ఆదివారం చర్చిలో, ఎవరి అనుభవం వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, మార్తమ్మ లేచి నిలబడింది. ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని పాటలు పాడడమే తప్ప నోరు విప్పని మనిషి. "నా బిడ్డ తాగలేదు," అంది. "నేను పోసినాను. తెలీక పోసినాను, నేనూ తాగినాను. మీ ఇండ్లలో కూడా ఉన్నాయి ఆ సీసాలు. పోయి చదవండి." కూర్చుంది. పాస్టరయ్యగారికి తరవాతి పాట ఏదో గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. ముందు వరసలో చేతికర్ర ఆనించుకుని కూర్చున్న పేతురు మాత్రం వెనక్కి తిరిగి, వదినను చూసి తల ఊపాడు.

ఆ మూడు నెలలూ భారతి తల్లితో పాటు మిరప చేలకు పోయింది. గడువు తీరాక బెంగళూరు వెళ్లి, మళ్లీ శిక్షణ క్లాసులో కూర్చుంది. అరిష్టాల సంగతి వచ్చినప్పుడు చెయ్యెత్తి, తన కథ తానే చెప్పింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ఆడపిల్లలు బయటికి వచ్చాక తమ సంచుల్లోని సీసాలు తీసి వాటి మీది చీటీలు చదువుకున్నారు. అందులో ఒకతె ముఖం పాలిపోయింది.

మళ్లీ పనిలో చేరిన రోజు ఆమెచేత ఊదించారు. షిఫ్టు దిగాక ఇంటికి ఫోను చేస్తే, ఎన్నడూ ఫోను ఎత్తని ఏబేలు ఎత్తాడు.

"ఊదినావా?"

"ఊదినాను నాయనా."

"ఏమొచ్చింది?"

"సున్నా."

ఫోను చేయి మారిన చప్పుడు, తరవాత మార్తమ్మ గొంతు వినబడ్డాయి.

"ఏం చెప్పినావు పాపా? మీ నాయన బయటికి పోయి కళ్లు తుడుచుకుంటా నిలబడినాడు. పిలిచినా రావడం లేదు."