గ్వెండా సవతి

నెదర్‌కోమ్‌లో మొగుణ్ణి తిట్టుకోవడానికి ఒక్కొక్క ఇల్లాలికి ఒక్కో కారణం ఉంది. ఒకామె మొగుడు పబ్బు వదలడు, ఇంకొకామె మొగుడు పందెం పావురాలను వదలడు. గ్వెండా స్క్విబ్ మొగుడు రెజ్‌కి తాగుడు లేదు, పందేలు లేవు, పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూసిన పాపాన పోలేదు. అయినా గ్వెండాకి సవతి ఉంది. చర్చి పక్కన, రాతి గోడ వెనక, రెండెకరాల మేర ఒళ్ళు విరుచుకుని ఉండేది అది. పాత పాదిరి బంగళా తోట.

ముప్పై నాలుగేళ్ళుగా రెజ్ ఆ తోటకు మాలి. గ్వెండా దాన్ని తోట అని కూడా అనేది కాదు, "అది" అనేది. మొగుడు సాయంత్రం గుమ్మంలో బూట్లు విప్పుతుంటే, "ఏం, ఇవాళ అది తొందరగానే వదిలిందే" అనేది. రెజ్ నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఇంకా కడుపు మండేది.

కారణం లేకపోలేదు. వాళ్ళ పెళ్ళి రోజు జూన్ పద్నాలుగు. చర్చి పైకప్పు బాగుచేయించే నిధికోసం బంగళావాళ్ళు తోట తలుపులు తీసి జనాన్ని రానిచ్చే ఆదివారం కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది. పెళ్ళైన మొదటి ఏడాది వేమత్ సముద్రానికి వెళ్దామని మాటిచ్చాడు. గ్వెండా నీలం గౌను వేసుకుని బస్టాపులో రెండు గంటలు నిలబడింది. అతను చీకటి పడ్డాక మోచేతుల దాకా మట్టితో వచ్చాడు. "గాలి లేచింది పిల్లా. పూల మొక్కలన్నీ వాలిపోతుంటే కర్రలు కట్టకుండా ఎలా వస్తాను?" అన్నాడు. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, దాని మొహం చూడనని. అన్నట్టే చూడలేదు కూడా. తోట చూపించే ఆదివారాల్లో ఊళ్ళో ఆడవాళ్ళంతా టీ పోసే పనికి వెళ్తారు కాబట్టి తనూ వెళ్ళేది. బంగళా వెనక గుమ్మంలోంచి దూరి, కిటికీ పెరటి గోడ వైపే ఉన్న అంట్ల గదిలో కప్పులు కడిగి, ఆ గుమ్మంలోంచే వచ్చేసేది.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, అలాగే ఉండేది వీళ్ళ వ్యవహారం. అక్కడ గోడకి గులాబీలు పాకించిన మనిషి సొంత పెరట్లో బట్టల తీగ, దాని కింద దురదగొండి మొక్కలు, చక్రం ఊడిన తోపుడు బండి. "అక్కడ చేసి చేసి నడుం పోయింది" అనేవాడు. నడుం ఎవరి కోసం పోయిందో గ్వెండాకి తెలుసు.

అందుకే బంగళా ముందు అమ్మకానికి ఉందని బోర్డు పాతిన రోజు నుంచి ఆమె దుకాణానికి వెళ్ళినప్పుడల్లా అటుగానే నడిచేది. యజమానురాలు మిసెస్ కార్డ్యూ, ముసలావిడ, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. కొత్తవాళ్ళు వాళ్ళ మనుషుల్ని పెట్టుకుంటారు, అరవై ఆరేళ్ళ రెజ్ ఇంటికొస్తాడు. ఇక జూన్ తనది.

అమ్మకం చూసే కుర్రాడు జాస్పర్ అచ్చేసిన కాగితాలు పంచాడు. "మూడొందల ఏళ్ళ కుటుంబ గృహం, తీర్చిదిద్దిన తోటలతో" అని ఉంది. బొమ్మల పేజీలు తిప్పకుండా గ్వెండా ఆ ముక్క మాత్రం చదివింది. "తీర్చిదిద్దిన వాడి పేరెక్కడా లేదేం?" అంది విసురుగా. ఎందుకు విసురో తనకే తెలియలేదు.

ఆ జాస్పరే ఒకరోజు వాళ్ళింటికి వచ్చాడు. "మిసెస్ స్క్విబ్, ఇల్లు చూసేవాళ్ళు వచ్చినప్పుడు వంటింట్లోంచి వేడి వేడి స్కోన్ రొట్టెల వాసన రావాలండీ. సగం బేరం అక్కడే తెగుతుంది. మిసెస్ కార్డ్యూకి టోస్టు కూడా రాదు" అన్నాడు.

గ్వెండా వెంటనే ఏప్రన్ తీసుకుంది. సవతిని ఊరు దాటించడానికి స్కోన్లు చాలంటే బస్తా పిండి కలపడానికైనా ఆమె సిద్ధమే. మూడు వారాల్లో నాలుగుసార్లు కాల్చింది. నాలుగోసారి లండన్ నుంచి పెంబర్టన్ దంపతులు వచ్చారు. ఆయన వంటింట్లో నిలబడి మూడు స్కోన్లు తిన్నాడు. ఆవిడ తోటలోకి వెళ్ళి ముప్పావు గంటకి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"కొంటాం. కానీ ఆ తోటమాలి ఉండాలి. అతను లేకపోతే ఇది మాకెందుకు?" అంది.

రెజ్ అంట్ల గది గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అందరూ అతని వంక చూస్తే అతను గ్వెండా వంక చూశాడు. "మా ఆవిణ్ణి అడగండి మేడమ్" అన్నాడు.

గ్వెండా పొయ్యిలోంచి పళ్ళెం తీసి బల్ల మీద పెట్టింది. "రాడు" అంది.

రెజ్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. పెంబర్టన్లు కాస్త నొచ్చుకున్నారు గానీ బంగళా కొన్నారు. టామ్సిన్ అనే ముప్పై ఏళ్ళ అమ్మాయిని, కాలేజీలో తోటపని చదివినదాన్ని, పనిలో పెట్టుకున్నారు.

జూన్ పద్నాలుగున గ్వెండా, రెజ్ వేమత్ వెళ్ళారు. ఐస్‌క్రీం తిన్నారు, ఒడ్డున కుర్చీలు అద్దెకు తీసుకున్నారు. రెజ్ అడిగినదానికల్లా జవాబు చెప్పాడు, అడగనిదేదీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక దురదగొండి పీకి చిక్కుళ్ళు వేశాడు, పరాయి బిడ్డకి పాలు పట్టినట్టు. మనిషి దొరికాడు, ఇంకేం కావాలే నీకు అని గ్వెండా తనను తానే తిట్టుకునేది.

ఆగస్టులో ఒక ఉదయం బంగళా గోడ వెనక నుంచి కరెంటు కత్తెర రొద వినిపించింది. కంచెగా పెంచిన యూ చెట్లు కత్తిరించే కాలం అది. రెజ్ టీ సగంలో వదిలి లేచాడు. గంటైనా రాకపోతే గ్వెండా వెతుక్కుంటూ వెళ్ళింది. చర్చి సమాధుల్లో, ఎప్పుడో పోయిన పాదిరి గారి సమాధి రాతి పెట్టె మీదికెక్కి, గోడ పైనుంచి తొంగి చూస్తున్నాడు.

"దారం కట్టి వరస చూసుకోకుండా కోసేస్తోంది ఆ అమ్మాయి, గ్వెన్" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "కత్తెర అంత ఒత్తి పట్టుకుంటుందేంటి దాని మీద? దానికి ఓర్పుండాలి. దాని సంగతి ఈ పిల్లకేం తెలుసు?"

అతని దవడ బిగుసుకుని ఉంది. మెడ ఎర్రబడింది. గ్వెండా ఆ మొహం గుర్తుపట్టింది. ముప్పై నాలుగేళ్ళు సాయంత్రం పూట తన వంటింటి అద్దంలో చూసుకున్న మొహమే.

"తెలిసిందా ఇప్పుడు, పరాయి చేతుల్లో చూస్తే ఎలా ఉంటుందో" అంది.

రెజ్ మెల్లగా తిరిగాడు. "నీకు ఇలాగే ఉండేదా?"

"ఇంతకు పదింతలు."

అతను రాతి పెట్టె మీదనుంచి వంగి చెయ్యి చాపాడు. "ఎక్కు" అన్నాడు.

ఆమె ఎక్కకూడదనే అనుకుంది. కానీ ఎక్కింది. గోడ మీద మోచేతులాన్చి మొదటిసారి దాన్ని చూసింది. ఇంత కాలం అది ఉత్త గడ్డీ గాదమూ అయి ఉండాలని, తన జీవితం తినేసినది ఎందుకూ కొరగానిదై ఉండాలని కోరుకుంది. కాదు. అలలు అలలుగా సాగే కంచె, గోడ నిండా గులాబీలు, చిన్న కొలను నీళ్ళ మీదికి వంగిన తెల్ల పూలు. అంతా రెజ్ చేతులే, తను బాగా ఎరిగిన చేతులే. తను ఆ తోట అయినా బాగుండేదనిపించింది.

"దిగు పిల్లా, ఎవరైనా చూస్తే బాగుండదు" అన్నాడు రెజ్.

గ్వెండా దిగలేదు. కొలను అవతల వాడిపోతున్న పాదు మీద ఆమె చూపు ఆగిపోయింది.

"అదిగో, ఆ మూల మొక్కలు ఎండిపోతున్నాయి" అంది పళ్ళు బిగించి. "నీళ్ళు కూడా పొయ్యట్లేదా ఈ దిక్కుమాలినది?"