మా అక్క పెళ్లివారికి పెట్టిన చేప

మా తొమియే అక్క బేరాల సంగతి తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. భర్త పోయాక వచ్చే పింఛనుతోనే ఆమె నెల గడవాలి. గుడ్లు ఒక కొట్లో, తోఫూ, అంటే సోయా పనీరు, రెండు వీధుల అవతల ఇంకో కొట్లో కొంటుంది. కమలాపండ్లు రెండే. మూడోది కొనవేమే అంటే, "మొదటిది తింటే ప్రాణం లేచొస్తుంది, మూడోది ఊరికే పొట్ట నింపుతుంది. ఆ డబ్బుతో టీ పొడి రాదూ?" అని నన్నే కసురుతుంది.

కొన్నాక నోరు మూసుకుంటుందా? ఒసాకాలో ఎవరూ మూసుకోరు లెండి. "ఈ కోటు ఎంతనుకున్నావ్?" అని ఆపి అడగడం, మనం ఎక్కువ చెబితే, అందులో సగానికే కొన్నానని మురిసిపోవడం మా ఊరి జబ్బు.

అక్క కూతురు చిహారును చేసుకుంటానన్న టోక్యో కుర్రాడు తల్లి మాట జవదాటడు. ఆ తల్లి మొన్న ఆదివారం పిల్లను చూడ్డానికి మధ్యాహ్న భోజనానికి వచ్చింది. అక్క శుభకార్యాలకు పెట్టే తాయ్ చేపను పచ్చిగానే పల్చగా కోసి వడ్డించింది.

"ఎంత బాగుందండీ చూడ్డానికి!" అంటూ ఆవిడ ముక్క అందుకుంది.

"ఎంతనుకున్నారు? సగం ధరే! మిగిలిపోతుందని ఇచ్చేశారు!" అంది అక్క.

ఆవిడ ముక్క కింద పెట్టేసింది. కాసేపటికి రైలు వేళయిందని లేచి వెళ్లిపోయింది.

"కొంప ముంచావు కదే అక్కా!" అని అరిచాను. అప్పుడు తట్టింది నాకు. మిగిలిన సరుకు మీద సగం ధర చీటీలు కొట్టు మూసే ముందు, సాయంత్రమే అంటిస్తారు. ఈ చేప పొద్దున కొన్నది.

"పూర్తి ధరే ఇచ్చాను," అని గొణిగింది అక్క. "పిల్ల పెళ్లి కదా, లెక్క చూసుకోలేదు."

"మరి ఆ ముక్క ఆవిడతో చెప్పడానికేం రోగం?"

"ఒసాకాలో పుట్టి, పూర్తి ధర పోశానని ఏ మొహంతో చెప్పనే?"

చిహారు ఏడుస్తూనే ఆవిడకు ఫోను చేసింది. "వద్దే, పరువు పోతుందే!" అని అక్క కాళ్లావేళ్లా పడినంత పని చేసినా వినకుండా అంతా చెప్పేసింది.

"అయ్యో, నా కోసమా? ఒక్క ముక్క కూడా తినకుండా వచ్చేశానే," అందావిడ. "వచ్చే ఆదివారం మళ్లీ వస్తాను. ముహూర్తం మాట్లాడుకుందాం."

చిహారు కళ్లు తుడుచుకునేలోగా, నోటి నిండా చేప కుక్కుకున్న మా అక్క ఫోను మీదకు వంగి కేక పెట్టింది:

"సాయంత్రం రండి వదినగారూ! సగం ధరకొస్తుంది!"